రాజుగారికి కప్పిన శాలువా

ఊరి పేరు ఊడదీస్తున్నారు.

మైదానం గేటుకి నిచ్చెన వేసి, ‘నరసాపురం కెరటాలు’ అన్న బోర్డులోంచి మొదటి మాటను ఒక్కో అక్షరం పీకి కింద పడేస్తున్నారు కంపెనీ మనుషులు. కెరటాలు మాత్రం ఉంచారు. కబడ్డీ జట్టు ఇకమీదట విశాఖపట్నానిదట.

ఆశాజ్యోతి స్కూటీ ఆపి చూస్తూ ఉండిపోయింది. పేటలో మొదటి డిగ్రీ ఆమెది. కబడ్డీ అభిమాన సంఘానికి కార్యదర్శి కూడా ఆమే. జట్టును కొన్నది రొయ్యల కంపెనీ యజమాని వెంకటరాజు. ఆడే కోర్టు తయారుచేసింది మాత్రం పేట జనం. గోదావరి లంకలోంచి పడవల్లో ఒండ్రుమట్టి తెచ్చారు. ఆడవాళ్లు జల్లించి, ఊక కలిపి, తడిపి తొక్కారు. రాజుగారు దానిమీద మ్యాట్ పరిచి టికెట్ పెట్టినా ఎవరూ ఏమీ అనలేదు. టీవీలో ఊరి పేరు వినపడుతోంది కదా అని మురిసిపోయారు.

ఆ సాయంత్రం సంఘం కూడింది. ఆటగాళ్లని తీసుకెళ్లే బస్సు ఆపేద్దామన్నారు కాలేజీ కుర్రాళ్లు. రాజుగారి షెడ్డులోనే రొయ్యలు ఒలిచే ఆడవాళ్లు, పని పోతే ఎవరు పెడతారని గొడవపడ్డారు. చివరికి ముందు రాజుగారి ఇంటికి వెళ్లి గట్టిగా అడుగుదామని తేల్చారు.

తప్పు అక్కడే జరిగింది. పెద్దింటి గడప ఒట్టి చేతులతో తొక్కడం ఎవరికీ అలవాటు లేదు. ఆశాజ్యోతి తల్లి జ్ఞానమ్మ పూతరేకుల పెట్టె పట్టుకుంది. ఆశాజ్యోతి తానే బజారుకెళ్లి శాలువా కొనుక్కొచ్చింది.

రాజుగారు ఎదురొచ్చి, కూర్చోండి, కాఫీ తాగండి అంటూ అండీలతో ముంచెత్తారు. ఎవరో ఫోన్ తీశారు. ఆశాజ్యోతి ఆయనకి శాలువా కప్పింది. జట్టు ఇక్కడే ఉంటే బాగుంటుందండి అని మెల్లగా అంది. చూద్దాంలేమ్మా అన్నారాయన.

వాళ్లు పేట చేరేసరికే ఫోటో జట్టు పేజీలో ఉంది. ‘అభిమానుల ఆశీస్సులతో విశాఖ పయనం.’

మర్నాడు షెడ్డులో సూపర్‌వైజరు నవ్వాడట, మీవాళ్లే సాగనంపారుగా అని. ఆ సాయంత్రం సంఘంలో ఆశాజ్యోతి తల ఎత్తలేదు. జట్టులో ఆడే పేట కుర్రాడు బుల్లబ్బాయి ఆమె ఎదుటికొచ్చి నిలబడ్డాడు.

“చదువుకున్నదానివి కదక్కా. సన్మానం చేసి మరీ సాగనంపేవేంటి?”

ఆమె చేతులు ఒళ్లో దాచుకుంది. అప్పుడు లేచింది జ్ఞానమ్మ.

“సిగ్గంతా దానిమీదేసి మీరు చేతులు దులుపుకోకండి. రేకులు మోసింది నేను. ఫోటోలో పళ్లికిలించింది మనందరం. ఆయన్ని చూడగానే మన నడుం దానంతటదే వంగిపోద్ది. ఇయ్యాల నాకూ మొహం చెల్లట్లేదు. రేపు వీడ్కోలు సభకి అందరం ఒట్టి చేతుల్తో వెళ్దాం.”

షెడ్డు ఆడవాళ్లలో ఒకామె పని సంగతి ఎత్తింది. మరొకామె, అందరం మానేస్తే ఎవర్ని తీసేస్తాడే అంది.

మర్నాడు మైదానంలో వీడ్కోలు సభ. పనికెవరూ పోక షెడ్డు మూతపడింది. పేట, కాలేజీ, బజారు కదిలొచ్చాయి. వేదిక మీద రాజుగారు దండ కోసం మెడ కాస్త ముందుకు చాచి ఉన్నారు. దండ రాలేదు. చప్పట్లూ లేవు. మ్యాట్ అప్పటికే లారీ ఎక్కింది. దానికింద ఇన్నాళ్లూ గాలాడని మట్టి బూజుపట్టి తెల్లగా కనపడింది. అది చూసి ఆశాజ్యోతి ముందుకు నడిచింది.

“శాలువా కప్పింది నేనేనండి. ఇష్టపడి కాదు, భయపడి కప్పాను. దాన్ని ఒప్పుకోలు కింద చూపించకండి. మా ఊరి పేరుతో ఎదిగిన జట్టుని మమ్మల్ని అడక్కుండా తీసుకెళ్లనివ్వం.”

రాజుగారు నవ్వబోయి చుట్టూ చూశారు. నవ్వేవాళ్లు లేరు. జనం గేటుకి అడ్డంగా, ఆటగాళ్ల బస్సు ముందు కూర్చున్నారు. బుల్లబ్బాయి బస్సు దిగొచ్చి వాళ్లలో కూర్చున్నాడు.

పోలీసులొచ్చారు. నాయకుడెవరని ఎస్సై అడిగితే ఆశాజ్యోతి చెయ్యెత్తింది. ఆమెను జీపెక్కించి, మీ అమ్మాయి ఆట అయిపోయిందని జ్ఞానమ్మతో అన్నాడు.

“అవ్వలేదండి,” అంది జ్ఞానమ్మ, కూర్చున్న చోటినుంచే. “కబడ్డీలో ఔటైనోళ్లు ఇంటికి పోరండి. గీత పక్కనే కూర్చుంటారు. లోపలున్నోళ్లు అవతలోణ్ణి ఒక్కణ్ణి పట్టేస్తే మళ్లీ దిగుతారు.”

జీపులో ఆశాజ్యోతి మొహం ఇంకా సిగ్గుతో మండుతూనే ఉంది. వెనక బుల్లబ్బాయి కూత పెట్టాడు. కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ. అతని ఊపిరి ఆగేలోపు పక్కవాళ్లు అందుకున్నారు, తర్వాత వాళ్ల పక్కవాళ్లు. కూత తెగలేదు. బస్సు డ్రైవరు కాసేపు చూసి, ఇంజన్ ఆపి, కిందికి దిగాడు.