పసుపంటిన బీటా కార్డు

నేను ఒక బీటా కార్డును. ఒంటి మీద వెండిరంగు పూత, దాని కింద ఆటలోకి పోనిచ్చే ఒక కోడ్, అంతే నా ఆస్తి. ఒక వీడియో గేము ఇంకా బీటాలో, అంటే పరీక్ష దశలో, ఉండగానే "ముందుగా బుక్ చేసుకోండి, అందరికంటే ముందు ఆడండి, తప్పులుంటే చెప్పండి" అంటూ కంపెనీవారు నన్ను అచ్చు వేయించారు. తప్పులు వినే ఓపిక వాళ్లకెక్కడిది! ఆడినవాళ్లు ఊరంతా చెప్పుకోవాలి, అదీ అసలు సంగతి. పేరుకు పరీక్ష, చేసేది టముకు.

గుంటూరులో ఒక గేముల కొట్టువాడు నన్ను భాను చేతిలో పెట్టాడు. ముప్పై దాటిన మనిషి చంటిపిల్లాడిలా మురిసిపోయాడు. కారణం ఉంది లెండి. చిన్నప్పుడు వీడియో గేముల పార్లర్‌లో ఒకే కుర్చీ పంచుకున్న జిలానీతో మాటల్లేక రెండేళ్లయింది. జిలానీ చెల్లెలి పెళ్లికి భాను వెళ్లలేదు, అదీ మంట. ఆనాటి ఆటే ఇప్పుడు కొత్త రూపంలో వస్తోంది. "శనివారం సాయంత్రం బీటాలో కలుద్దామా?" అని భాను మెసేజ్ పెడితే, "నేనూ బుక్ చేశా. ఈసారైనా వస్తావా?" అని జవాబొచ్చింది.

శనివారం నా పూత గీకి, నన్ను టీవీ పక్కన పెట్టి భాను స్నానానికి వెళ్లాడు. వాళ్లమ్మ నాగరత్నమ్మగారు కొత్త వస్తువేదైనా బొట్టు పెట్టందే వాడనివ్వరు. మిక్సీకి పెట్టారు, టీవీ రిమోట్‌కీ పెట్టారు. నాకూ తడి పసుపు నిండుగా పూసి, కుంకుమ అద్ది, దేవుడి ముందుంచారు. ఆహా, ఏమి వైభోగం! భాను చూసి తువ్వాలుతో గబగబా తుడిచాడు. పసుపుతోపాటు నా కోడ్ అక్షరాలూ సగం పోయాయి.

"ఏంటమ్మా ఇది!"

"మంచి జరగాలని పెట్టాన్రా. అంత గట్టిగా రుద్దమని ఎవరన్నారు?"

కొట్టుకు ఫోన్ చేస్తే ఇంకో కార్డు లేదన్నారు. భాను సోఫాలో కూలబడ్డాడు. "ఈసారీ ఎగ్గొట్టాననుకుంటాడు. పసుపు పూసిందంటే నమ్ముతాడా?"

"ఫోన్లో ఎందుకు నమ్ముతాడు? ఈ కార్డు పట్టుకెళ్లి చూపించు. పక్క పేటేగా!"

జిలానీ తలుపు తీసి, మొహం ముడుచుకుని నన్ను అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూసి పగలబడి నవ్వాడు. "అమ్మ మారలేదురా! చిన్నప్పుడు నా కొత్త సైకిల్‌కీ పెట్టేసింది."

"పెళ్లికి రావాల్సిందిరా. తప్పు నాదే," అన్నాడు భాను.

"ముందు లోపలికి రా. నా కోడ్ ఉందిగా."

ఇద్దరూ మళ్లీ ఒకే కుర్చీలో ఇరుక్కుని ఆడారు. నాకు ప్రాణం లేచొచ్చింది. కంపెనీ లెక్కలో నేను ఎవరూ వాడని కార్డును. జిలానీ మాత్రం నన్ను తన టీవీకి ఆనించి నిలబెట్టుకున్నాడు, పసుపు మరక బయటికి కనిపించేలా.