పట్టుచీర కప్పిన కుర్చీ

నేను ఒక కుర్చీని. చేతులున్నాయి కదాని మామూలు కుర్చీ అనుకునేరు! సీటు మధ్యలో గుండ్రటి చిల్లు, దాని మీద మూత, కింద లాగితే వచ్చే ప్లాస్టిక్ బేసిను. ఇంకా విడమర్చి చెప్పమనకండి, నాకూ సిగ్గుంది.

ఫ్యాక్టరీలో పుట్టి, విజయవాడలో ఓ మందులషాపు ముందు కొన్నాళ్ళు ఎండకెండాను. దారినపోయేవాళ్ళు నన్ను చూసి మొహం తిప్పుకునేవాళ్ళు, వాళ్ళకెవరికీ ముసలితనం రానట్టు. చివరికి కోటిలింగం గారనే రిటైరైన రైల్వే గార్డు నన్ను కొన్నారు. మూడో అంతస్తు ఫ్లాటు. ఆయనకి సిగ్గూ శరమూ లేదు. నా మీద కూర్చునే పేపరు చదివేవారు, వార్తల్ని తిట్టేవారు. సిగ్గుపడాలంటే ఎదురుగా మనిషంటూ ఉండాలిగా! కొడుకూ కోడలూ ఆఫీసులకి వెళితే పగలంతా ఆయన మాటలు వినే దిక్కు నేనే.

ఆయన పోయాక, కోడలు నన్ను ఫినాయిల్‌తో కడిగించి, ఉయ్యూరు దగ్గర పల్లెలో ఉన్న ఆయన అక్క ఆదెమ్మకి పంపింది. అక్కడ మనుషులకేం కొదవ? తెల్లారితే వసారా నిండా జనమే. అందుకే సిగ్గు కూడా బోలెడు.

ఆదెమ్మకి మోకాళ్ళు అరిగిపోయాయి. మరుగుదొడ్డి పెరటి చివర ఉంది. అందులో గొంతుక్కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు. అందుకని మహాతల్లి మంచినీళ్ళు తాగడమే మానేసింది! ఇహ చూడండి, మూత్రంలో మంట, జ్వరం, కళ్ళు తిరిగి పడిపోవడం. "ఇలాగే ఉంటే కిడ్నీలు పోతాయమ్మా" అన్నాడు డాక్టరు.

ఆదెమ్మ కోడలు వనజ నన్ను ఆవిడ గదిలో వేసి బతిమాలింది.

"నోర్ముయ్యవే! ఆ గిన్నె నీచేత ఎత్తించుకుని, మళ్ళీ అదే చేత్తో అన్నం పెట్టించుకోనా? అంతకంటే చావు నయం."

అని ఆదెమ్మ, అంచు చిరిగిన పాత పట్టుచీర ఒకటి తీసి నా మీద కప్పేసింది. నా జన్మకి పట్టు కట్టుకుంటానని నేననుకున్నానా!

ఓ మధ్యాహ్నం వనజ తల్లి సీతారత్నమ్మ, వియ్యపురాలిని చూసిపోదామని బస్సు దిగి వచ్చింది. గదిలోకి వస్తూనే, పట్టుబట్ట కప్పిన కుర్చీ తనకోసమే అనుకుని చతికిలబడింది. లేవమంటే మర్యాద కాదు, కూర్చోనిస్తే పరువు దక్కదు. మంచం మీద ఆదెమ్మ మొహంలో నెత్తుటి చుక్క లేదు. అంతలో కింద బేసిను టకామంది. నేనేం చేసేది, నా బిగింపే అంత.

సీతారత్నమ్మ ఉలిక్కిపడి, చెయ్యి కిందికి పోనిచ్చి తడిమింది. తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"వదినగారూ, ఏమీ అనుకోకండి. బస్సెక్కింది మొదలు ఆపుకునే ఉన్నాను. మీ పెరటిదాకా నేను నడవలేను. కాస్త తలుపు వేస్తారా?"

ఆదెమ్మ తడబడుతూ లేచి తలుపేసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

అయ్యాక ఇద్దరూ ఆ బేసిను కేసి చూస్తూ, దొంగతనం చేసి దొరికిపోయిన పిల్లల్లా మిగిలారు. ఎత్తుకెళ్ళే ఓపిక ఇద్దరికీ లేదు.

"ఇంటిదగ్గర నేనూ ఇలాంటి కుర్చీతోనే నెట్టుకొస్తున్నానని అమ్మాయికి తెలీదు. చెప్పకండి వదినా" అంటూ సీతారత్నమ్మ కళ్ళు ఒత్తుకుంది.

అప్పుడే వనజ కాఫీ గ్లాసులతో తలుపు తోసుకుని వచ్చింది. వినే ఉంటుంది. గ్లాసులు గూట్లో పెట్టి, బేసిను లాగి పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చి, బేసిను నా కిందికి తోసి, తడి చేతులు కొంగుకి తుడుచుకుని, పట్టుచీర మళ్ళీ నా మీద కప్పి, తల్లికొక గ్లాసు, అత్తకొక గ్లాసు అందించింది. ఇద్దరూ తల ఎత్తకుండానే తాగారు.

సాయంత్రం బస్సుకి వియ్యపురాలు వెళ్ళిపోయాక ఆదెమ్మ నా దగ్గరికి వచ్చింది. చీర లాగి మంచం మీద పడేసింది. సిగ్గు పోయిందనుకున్నారా? ఎక్కడికి పోతుంది! చెంపల మీద నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆ ఏడుపుతోనే కూర్చుంది.

చాలాసేపటికి మొహం గోడవైపు తిప్పుకుని పిలిచింది.

"వనజా, నా మొహం చూడకుండా రామ్మా."