పీకో మిషను బేరం

"అమ్ముతున్నవా, పెండ్లి చేసి పంపుతున్నవా? గంత తుడుసుడేందే," అంది మా అత్తమ్మ సారవ్వ. నేను చిరిగిన బనియన్ ముక్కతో పీకో మిషను చక్రం సందులో పేరుకున్న నూనె జిడ్డు గీకుతున్నాను. నాలుగేళ్లు కాలనీ చీరలన్నిటికీ అంచులు కొట్టిన మిషను. నా కుడి చెయ్యి ఆనే చోట దాని రంగు పూర్తిగా పోయింది. ఇంటర్ మొదటి సంవత్సరం మధ్యలో చదువు ఆగి, పెళ్లై, గోదావరిఖనిలో ఈ బొగ్గు కంపెనీ క్వార్టర్‌కు వచ్చిన నాకు, ఇది నాది అని చెప్పుకోగలిగిన వస్తువు అదొక్కటే. చీరకింత అని తీసుకున్న డబ్బుతో వాయిదాలు కట్టి కొనుక్కున్నాను.

అలాంటిది ఎందుకు అమ్ముతున్నానంటే, వెనక వీధిలోని బడివాళ్లు జూన్‌కు నలభై జతల యూనిఫాంలు కుట్టమన్నారు. బట్ట అంచున పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషను ఉంటేనే పని ఇస్తామన్నారు. మే నెల దాటితే ఆ పని ఇంకొకరికి పోతుంది. మామూలు కుట్టుకు అత్తమ్మ పాత మిషను ఉంది, ఇది అమ్మితేనే ఓవర్‌లాక్ కొనగలను. మా ఆయన శివను అడిగితే "ఇంట్ల కూసుండి చేసే పనికి ఇంకో మిషను ఎందుకే" అన్నాడు. ఇంట్లో కూర్చుని! ఆయన మొదటి షిఫ్టుకు పోవాలంటే నేను ఐదింటికే లేచి టిఫిన్ కట్టాలి. నల్లా వచ్చిన అరగంటలో డ్రమ్ములు నింపాలి. బొగ్గు మసి పట్టిన బట్టలు మూడు నీళ్లు మార్చి ఉతకాలి, నాలుగేళ్ల హర్షిణి వెనక ముద్ద పట్టుకుని తిరగాలి, అత్తమ్మ మోకాళ్లకు తైలం రుద్దాలి. మిషను ముందు కూర్చునేది ఆ తర్వాత. రోజు మొత్తంలో ఆ కూర్చోవడం ఒక్కటే వాళ్లకు కనిపిస్తుంది.

పక్క క్వార్టర్ సుజిత టీచరు. మిషను ఫోటో తీసి, నెట్‌లో పాత సామాన్లు అమ్ముకునే చోట నా నంబరుతో పెట్టింది. "ఫోన్లు వస్తయి దీపా. అందర్ని నమ్మకు," అంది. ఆ మాట నాకు చెప్పాల్సిన పని లేదు. గ్యాసు కట్టేశానో లేదో మూడుసార్లు లేచి చూసే మనిషిని నేను. హర్షిణి రెండుసార్లు తుమ్మితే దవాఖానకు పోదామంటాను. "మా దానికి భయపడుడు తప్ప ఇంకోటి రాదు," అని చుట్టాల ముందు శివ నవ్వుతాడు. ఏం చెయ్యాలో తోచక నేనూ నవ్వుతాను.

శనివారం సాయంత్రం సంపత్ అని ఒకాయన ఫోన్ చేశాడు. శ్రీరాంపూర్ దిక్కు బాయిలో ఓవర్‌మన్‌నన్నాడు. బాయి అంటే మాకు బొగ్గుగని, ఓవర్‌మన్ అంటే అక్కడ షిఫ్టు పని చూసే సూపర్‌వైజర్. ఇంట్లో ఆమెకు మిషను కావాలట. తొమ్మిది వేలకైనా ఇద్దామని మనసులో అనుకుని పదకొండు వేలు చెప్పాను.

"సరే అక్కా, అకౌంటు నంబరు ఇయ్యిండ్రి. రేపే పైసలేసి బండి పంపుత."

బేరం ఆడలేదు. కట్ట కొత్తిమీరకు కూడా బేరమాడే మనుషులం, కుట్టి చూడకుండా, సూది ఎలా దిగుతుందో అడగకుండా పదకొండు వేలు ఎవరిస్తారు? ఆ మాటే శివతో అన్నాను.

"కంపెనీ మనిషే. మనోళ్లు మనోళ్లను ముంచుతరా? నీకు అందరు దొంగలే కనబడుతరు," అన్నాడు. మా దగ్గర అంతే. చిట్టీ అయినా, పిల్ల సంబంధమైనా, కంపెనీ మనిషి అంటే ఇంకో ప్రశ్న ఉండదు. తెలంగాణ కోసం చేసిన సకల జనుల సమ్మెలో నెలకు పైగా ఒకరి బియ్యం ఒకరు వండుకు తిన్న వాళ్లం. అది జరిగి రెండేళ్లు కూడా కాలేదు. ఆ నమ్మకం నాకూ ఉంది. అందుకే అకౌంటు నంబరు ఇచ్చాను.

ఆదివారం పన్నెండున్నరకు మెసేజ్ వచ్చింది. నా ఖాతాలో పద్నాలుగు వేలు జమ అయ్యాయట. ఆ వెనకే సంపత్ ఫోన్.

"అక్కా, పొరపాటున మూడు వేలు ఎక్కువ పడ్డయ్. మీ గల్లీలకు ట్రాలీ ఆటో వస్తున్నది. మిషను ఎక్కించి ఆ మూడు వేలు డ్రైవర్ చేతికియ్యిండ్రి, ఏం ఫికర్ లేదు."

మెసేజ్ మళ్లీ తెరిచి చూశాను. బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్‌ల మీద బ్యాంకు పేరు పొట్టి అక్షరాల్లో ఉంటుంది. దీని మీద మామూలు పది అంకెల నంబరు ఉంది. బ్యాంకుకు పోదామంటే ఆదివారం. ఖాతా నాదే అయినా ఏటీఎం కార్డు శివ పర్సులో ఉంటుంది.

"బావా, చౌరస్తా కాడి ఏటీఎంల ఒక్కసారి చూసొస్తవా?"

"గీ ఎండలనా? మెసేజ్ వచ్చిందంటివి గదా!"

"పోనీ కార్డియ్యి, నేనే పోత."

"బండి వచ్చి నిలబడ్డది సూడు. పిల్లను ఎత్తుకోని ఎటు పోతవ్? ఊకె సతాయించకు," అని మంచం మీద అటు తిరిగాడు.

"పైసలు రాకపోతే ఒక ఏడుపు, ఎక్కువొస్తే ఒక ఏడుపు," అంది అత్తమ్మ కూలర్ ముందు నుంచి.

ట్రాలీ డ్రైవర్ పేరు మొగిలి. తలకు తువ్వాల చుట్టుకుని లోపలికి వచ్చి, మిషను బల్లను అప్పుడే ఒక పక్క పైకి లేపాడు. మిషను పోతే యూనిఫాంలు పోతాయి. మూడు వేలు పోతాయి. ఆ తర్వాత ఈ ఇంట్లో నేను ఏ పని చేస్తానన్నా ఈ ఆదివారాన్నే ఎత్తి చూపిస్తారు. వాళ్ల మాట విని పోగొట్టుకున్నా, పోగొట్టింది నేనే అవుతాను.

"అన్నా, దించు. ఒక్క నిమిషం," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. సంపత్ నంబరుకు నేనే ఫోన్ చేశాను.

"ఏందక్కా మల్ల! నేను బాయిల దిగి ఉన్న, లోపట బొగ్గు కాడ. డ్యూటీల ఉన్నోణ్ని గిట్ల సతాయిస్తరా? జల్ది పంపుండ్రి!"

'లోపట' అన్న ఆ మాట దగ్గర నేను ఆగాను.

లోపల ఉన్నాడట. బాయిలోకి దిగేముందు ప్రతి మనిషి జేబులూ తడుముతారు. బీడీ, అగ్గిపెట్టె, సెల్‌ఫోన్ ఏవీ లోపలికి పోవు. ఒక్క నిప్పురవ్వ చాలు, లోపలి గ్యాసు అంటుకోవడానికి. శివ ఫోన్ రోజూ టీవీ మీద పెట్టి పోతాడు. పెళ్లైన కొత్తలో అది తెలియక మధ్యాహ్నం ఆయనకు ఫోన్ చేస్తే ఇంట్లోనే మోగింది. ఎందుకో ఏడుపొచ్చింది. హర్షిణి జ్వరంతో కళ్లు తేలేసిన రోజు, దాన్ని భుజాన వేసుకుని దవాఖానకు పరిగెత్తుతూ కూడా ఆయనకు చెప్పుకోలేకపోయాను. పక్క బాయిలో కప్పు కూలిందని కాలనీ అంతా గొల్లుమన్న రోజు, కూలింది ఏ బాయో తెలిసేదాకా మూడు గంటలు ఈ గడప మీదే కూర్చున్నాను. షిఫ్టు అంటే ఎనిమిది గంటలు. ఆ ఎనిమిది గంటలూ ఆ మనిషికి నా మాట చేరదు, ఆయన మాట నాకు చేరదు. ఆరేళ్లుగా దానితోనే బతుకుతున్నాను. వీడెవడో నాకు లోపలి నుంచి మాట్లాడుతున్నాడు!

స్పీకర్ నొక్కాను.

"సరిగ్గ ఇనబడలేదన్నా. ఏడున్నవ్?"

"బాయిల, అక్కా! లోపట!"

మంచం మీద శివ లేచి కూర్చున్నాడు.

"లోపటి నుంచి సెల్‌ఫోన్ల మాట్లాడుతున్నవా? ఏ గేటు కాడ ఇడిసిపెట్టిన్రన్నా నిన్ను?"

శివ వచ్చి "ఇటియ్యి, వాని సంగతి చెప్త," అని ఫోన్ గుంజుకోబోయాడు. నేను రెండడుగులు వెనక్కి జరిగాను.

"ఇను. రేపు నా పాసుబుక్కుల పైసలు అచ్చు పడితేనే మిషను గడప దాటుతది. ఎక్కువ పడ్డయంటే బ్యాంకే నీకు వాపస్ ఇస్తది. నా చేతి నుంచి రూపాయి రాదు."

ఫోన్ కట్ అయింది. మళ్లీ చేస్తే స్విచాఫ్. మొగిలి బుర్ర గోక్కున్నాడు.

"నన్ను మంచిర్యాల బస్టాండుకు తెమ్మన్నడు గదమ్మా. ఆడ్నే నిలబడి ఉంటనన్నడు. బాయిల ఎప్పుడు దిగిండు?"

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుకు హర్షిణి కూడా చప్పట్లు కొట్టింది. పాపం, మొగిలికి కిరాయి పోయింది. చెంబెడు మజ్జిగ ఇచ్చి పంపాను.

సోమవారం పాసుబుక్కులో అచ్చు వేయించాను. కొత్త వరుస ఒక్కటీ పడలేదు. ఇంటికి వచ్చి శివ పర్సులోంచి నా కార్డు తీసుకున్నాను. అడగలేదు. తీసుకున్నానని చెప్పాను, అంతే.

మంగళవారం సాయంత్రం శివతో కలిసి పనిచేసే కొమురెల్లి వచ్చాడు.

"ఏం చెల్లె! మావోడు ఫోన్ల మాట్లాడంగనే దొంగను పట్టిండట గదా. రెండు రోజుల సంది బాయి కాడ అదే ముచ్చట!"

"ఓవర్‌మన్ అన్నప్పుడే నాకు డౌటొచ్చిందిరా," అంటున్నాడు శివ, కుర్చీలో వెనక్కి వాలి. నా చేతిలో టీ గ్లాసులున్నాయి. ఎప్పటిలాగే నవ్వేస్తాననుకున్నాను. నవ్వు రాలేదు.

"పట్టింది నేనన్నా."

"ఇద్దరం పట్టినంలే," అన్నాడు శివ.

"నీకెట్ల దొరుకుతడు బావా? నువ్వెప్పుడు లోపటున్నోనివే. ఫోన్ కలవక బయట కూసున్నదాన్ని నేను."

కొమురెల్లి గ్లాసు అందుకుని టీ ఊదుకున్నాడు. అతని భార్య కూడా అలాగే కూర్చుంటుందని అప్పుడు తట్టిందేమో. శివ కుర్చీలో ముందుకు జరిగి తన గ్లాసు తీసుకున్నాడు. ఆయన్ను చూస్తే నాకు జాలి వేసింది. అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఇంతలో నా ఫోన్ మోగింది. పెద్దపల్లి నుంచి ఎవరో పెద్దాయన.

"పీకో మిషను ఉన్నదా బిడ్డా? మా బిడ్డ అనసూర్యకు కావాలె. ఇంట్ల మొగోళ్లుంటే ఫోనియ్యి, బేరం మాట్లాడుత."

శివ అలవాటుగా చెయ్యి చాపాడు. నేను ఫోన్‌ను రెండో చెవికి మార్చుకున్నాను.

"ఉన్నరు కాకా. మిషను మాత్రం నాది. నీ బిడ్డను తోల్కరా, కుట్టి చూస్తది. నచ్చితే పైసలు నా చేతుల పెట్టి తీస్కపొండ్రి. ఎంతిస్తవో నాకు చెప్పు."