నాలుగో రంధ్రం

చెక్కపుల్లతో నెరిసిన జుట్టును పాయలు తీసి, మాడు మీద చర్మం సన్నటి గీతలా కనబడ్డాక దువ్వెన బాబాయ్ అక్కడ దీపపు బిళ్ళను ఆనించాడు. మంచం మీది పెద్దాయన కదల్లేదు. ఆయన మెదడులో నరం చిట్లి పడిపోయి అది తొమ్మిదో రోజు.

దువ్వెన బాబాయ్ తల మీద మాత్రం వెంట్రుక ఒక్కటి లేదు. ఇరవై రెండేళ్ళు క్షవరాలు చేశాడు. రోడ్డు వెడల్పులో కొట్టు పోయాక, ఆపరేషన్‌కి ముందు తలలు గొరగడానికి ఈ ఆస్పత్రిలో చేరాడు. ఒక్క గాటు పడనివ్వని ఆ చేతివాటం చూసి డాక్టరమ్మ అతన్ని తన పరిశోధన గదికి మార్పించుకుంది.

మెదడులో నెత్తురు ఎలా పారుతోందో వెలుతురుతో కొలవడం ఆమె పని. లోపలికి వెళ్ళిన వెలుతురు తిరిగి వస్తూ, దారిలో ఉన్న నెత్తి చర్మంలోని నెత్తురు సంగతి కూడా మోసుకొస్తుంది. "గోడ అవతలి మాట వినబడాలంటే ముందు ఇవతలి వాళ్ళు నోరు మూసుకోవాలి బాబాయ్" అనేదామె. అందుకే తల చుట్టూ కట్టే ఈ రబ్బరు పట్టీ. నాలుగో రంధ్రానికి బిగిస్తే చర్మంలో నెత్తురు అరనిమిషం ఆగుతుంది. అప్పుడు తెర మీద మిగిలిన గీతే మెదడుది. రోజూ పొద్దున్నే దాన్ని ముందు తన బోడిగుండుకే బిగించి చూసుకునేవాడు. ఆ ఎర్రటి వాత మధ్యాహ్నం దాకా పోయేది కాదు. నుదుటి రాతను ఎవరో కొట్టేసినట్టుందని భార్య నవ్వేది.

నిన్న పెద్దాయన పెద్దకూతురు, నాన్నకి నొప్పి పుడుతుందేమో, కాస్త వదులు చెయ్యమని బతిమాలింది. అతను మూడో రంధ్రానికి పెట్టాడు. ఆమె తండ్రి నుదురు నిమురుతూ పిలిచింది. గీత లేచింది. ఈ గీతలు చూసి ఏమీ అనుకోవద్దని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది కానీ, కళ్ళెదుట లేచినదాన్ని నమ్మకుండా ఎవరుంటారు? బళ్ళో పాఠాలు చెప్పే చెల్లెలికి ఆమె అక్కడికక్కడే ఫోన్ చేసి, నాన్న పలుకుతున్నారు, పరీక్షలు ముగించుకుని ఆదివారం నిదానంగా రా అని చెప్పింది. కాగితం మీద రంధ్రం సంఖ్య రాయాల్సిన చోట అతను మూడు అనే రాశాడు. పైకి మాత్రం ఏమీ అనలేదు.

ఇవాళ పొద్దున రాగానే డాక్టరమ్మకి చెప్పుకున్నాడు. నువ్వు వేసిన ముడి నువ్వే విప్పు, ఆ తర్వాత నేను మాట్లాడతాను అందామె.

"అమ్మా, నిన్న పట్టీ వదులుగా పెట్టాను" అన్నాడు పెద్దకూతురితో.

"నేనే కదా పెట్టమన్నాను."

"లేచింది మెదడు గీత కాదు తల్లీ. మీరు నిమిరితే నుదుటి చర్మంలోకి నెత్తురు వచ్చింది. అంతే."

పట్టీని నాలుగో రంధ్రానికి బిగించి, పిలవమన్నాడు. ఆమె పిలిచింది. నేలను అంటుకున్న గీత అలాగే ఉండిపోయింది. మళ్ళీ పిలిచింది. అరనిమిషం కాగానే అతను పట్టీ వదులు చేశాడు.

"నిన్ననే చెప్పొచ్చు కదా బాబాయ్ గారూ."

"చెప్పాల్సింది. నోరు రాలేదు." అతను చెక్కపుల్లను తుడుస్తూ తల వంచుకున్నాడు. "చెల్లెమ్మగారిని ఆదివారం దాకా ఆగనివ్వకండి."

అప్పటికి తొమ్మిదిన్నర. చెల్లెలి ఊరు ఆరు గంటల ప్రయాణం. ఆ తర్వాత అతను ఇంకో ముగ్గురి నల్లటి జుట్టు పాయలు తీశాడు. క్యారియర్ విప్పి, రెండు ముద్దలు తిని మూత పెట్టేశాడు. నడవాలో అడుగుల చప్పుడైనప్పుడల్లా తలెత్తి చూశాడు.

నాలుగింటికి చిన్నకూతురు వచ్చింది. చీర అంచున సుద్దపొడి దులుపుకోలేదు. తండ్రి నుదుటికి చెంప ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది. మధ్యాహ్నానికే పోవాల్సిన వాత ఆ నుదుటి మీద ఇంకా ఉండడం గుమ్మంలోంచి అతనికి కనబడింది.

అయిదున్నరకి ఊపిరి ఆగింది. ఏడుపు పెద్దగా వినబడలేదు. సంచీ పట్టుకుని వెళ్ళిపోతూ పెద్దకూతురు అతని ముందు ఒక్క క్షణం ఆగింది.

"చెల్లి అందుకుంది" అంది.

పట్టీని స్పిరిట్‌తో తుడిచి కొక్కేనికి తగిలించడం రోజూ అతని ఆఖరి పని. తుడవబోతే, నాలుగో రంధ్రంలో నెరిసిన వెంట్రుక ఒకటి చిక్కుకుని ఉంది. దాన్ని లాగడానికి సొరుగులోంచి పట్టకారు తీసి, కాసేపు చేతిలో పట్టుకుని, మళ్ళీ లోపల పెట్టేశాడు. తలుపు మూస్తుంటే గాలికి పట్టీ కొద్దిగా ఊగింది. వెంట్రుక మాత్రం రంధ్రం అంచును పట్టుకుని అలాగే ఉంది.