అరగంట కాలాల్సిన కేకు

ముప్పై ఏళ్లుగా బేకరీ పొయ్యి దగ్గరే నా బతుకు. చుట్టుపక్కల పిల్లల పుట్టినరోజు కేకులన్నీ నా చేతివే. మా మనవరాలు బుడంకాయకి మాత్రం ఆరేళ్లొచ్చినా నా చేతి ముక్క ఒక్కటీ దక్కలేదు. దానికి గుడ్డు పడదు, గుడ్డు తగలని గిన్నె మా బేకరీలో లేదు. కాస్త తగిలినా పెదాలు ఉబ్బిపోతాయి, ఒళ్లంతా దద్దుర్లు. నేను స్నానం చేసి చొక్కా మార్చుకుంటే గానీ మా అమ్మాయి దాన్ని నా ఒళ్లోకి రానివ్వదు. ఈలోపు అది తలుపవతల నుంచి "తాతా, అయిందా?" అని అరుస్తూనే ఉంటుంది.

ఎందుకిలా అని డాక్టరమ్మని అడిగాను.

"పేగుల్లో కోట్ల సూక్ష్మజీవులుంటాయి బాబాయిగారూ. ఏది మనకి పడేది, ఏది శత్రువు అని ఒంటికి చిన్నప్పుడే నేర్పడంలో వాటికీ పాత్ర ఉంది. పాపకి పసితనంలో చెవిలో చీము పట్టి నాలుగుసార్లు యాంటీబయాటిక్స్ వాడారుగా, వాటితో కొన్ని పోయుండొచ్చు. అదే కారణమని గట్టిగా చెప్పలేం."

నాకు మా పులిసిన పిండి గుర్తొచ్చింది. రొట్టెల్ని పొంగించేది అందులోని కంటికి కనబడని ప్రాణులే. పూట తప్పకుండా కొత్త పిండి మేతగా వేసి ఇరవై ఏళ్లుగా కాపాడుతున్నాను. పాప యాంటీబయాటిక్స్ చీటీ పట్టుకుని మందుల షాపుకి పరిగెత్తిందీ నేనే.

"పోయినవాటిని మళ్లీ కలిపేస్తే సరిపోదూ?"

"కడుపు మీ పిండి గిన్నె కాదండీ" అని నవ్వింది. "మందు వాడకపోతే చెవి పాడయ్యేది. మీ తప్పేం లేదు."

తప్పు లేదంటే మనసు ఊరుకుంటుందా?

ఈ ఏడాది చేసిన పరీక్షల్లో ఎలర్జీ కొంచెం తగ్గినట్టు తేలింది. బాగా కాలిన గుడ్డు కొందరికి పడుతుందట. ఆస్పత్రిలోనే గుడ్డు వేసిన కేకు చిన్న ముక్క పెట్టి చూద్దామన్నారు. కేకు అరగంట కాలాలి, లోపల తడి ఉండకూడదు. నేనే చేసి పట్టుకెళ్లాను.

నర్సు ముక్క కోస్తూ, "అబ్బ, దూదిలా ఉందండీ!" అంది.

ఆ మెప్పుతోనే నాకు తట్టింది, పొద్దున చేసిన పొరపాటు. వాసన రాగానే చెయ్యి అలవాటుకొద్దీ ఎనిమిది నిమిషాల ముందే కేకు బయటికి లాగేసింది. బుడంకాయ అప్పటికే నోరు తెరిచింది. ఆ నోటి కోసం ఆరేళ్లుగా ఎదురుచూస్తున్నాను.

"ఆగండమ్మా! అది సరిగ్గా కాలలేదు."

డాక్టరమ్మ పళ్లెం పక్కకి జరిపింది. "చెప్పి మంచిపని చేశారు." మళ్లీ ఆరువారాలకి రమ్మంది.

"ఒక్క కేకు గట్టిగా కాల్చలేకపోయావా నాన్నా?" మా అమ్మాయి కళ్లు తుడుచుకుంది.

"గట్టిగా కాల్చినవాళ్లని ముప్పై ఏళ్లుగా తిడుతున్నాను తల్లీ. చెయ్యి మాట వినలేదు."

చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కుని బస్సులో బుడంకాయని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. కిటికీలోంచి చూస్తూ ఉన్నదల్లా నా వైపు తిరిగింది.

"ఈసారి మాడ్చెయ్ తాతా. బాగోకపోయినా బాగుందంటాలే."