తిరిగి పోయని మొదటి గ్లాసు

నేను ఒక టీ కెటిల్‌ని. మొరాకోలోని ఫెజ్ నగరంలో, కంచరుల వీధిలో, ఒక ముసలి పనివాడి సుత్తి కింద పుట్టాను. నా బొజ్జ నిండా పువ్వులు చెక్కాడు కానీ చెవులు పెట్టడం మరిచాడు. అందుకే మనుషులు నా ముందు ఏమైనా మాట్లాడేస్తారు, పాపం!

నన్ను కొత్త కోడలు బతూల్ అత్తింటికి తెచ్చుకుంది. పుదీనా, పంచదార వేసి కాచి, నన్ను పైకెత్తి సన్నటి ధారగా పోసేది. గ్లాసులో నురుగు లేస్తే మురిసిపోయేది. మా ఊళ్లో మొదటి గ్లాసు ఎవరికీ ఇవ్వరు. తీపి బాగా కలవాలని తిరిగి కెటిల్లోనే పోస్తారు. కూతురు నఫీసా పెరిగాక, అది కలిసేలోగా బతూల్ తన కడుపులోని మాటలు ఆమెకి చెప్పుకునేది. బొమ్మలాడే వయసులో పెళ్లయిందనీ, మెట్ల కింద దాక్కుని ఏడ్చేదాన్ననీ.

నఫీసా పై చదువుకి పారిస్ వెళ్తూ నన్నూ మూటగట్టుకుంది. అక్కడే ఫ్రెంచిలో తొలి నవల రాసింది, 'మెట్ల కింద' అని. బహుమతి వచ్చింది. పారిస్ అంతా మెచ్చుకుంది. ఆ వారమే ఫోన్ మోగింది. ఫెజ్ నుంచి బతూల్.

"పక్కింటి జోహ్రా చెప్పింది. నా ఏడుపుని కొట్లో పెట్టి అమ్ముతున్నావట కదే! నీకు చెప్పుకున్నానా, ఊరికి చెప్పుకున్నానా? ఇక నాకు కూతురు లేదు."

నఫీసా తర్వాత 'అరువు నాలుక' రాసింది, 'గడియ పడిన ఇల్లు' రాసింది. రెండూ అమ్మకి క్షమాపణలే. లోకమంతా చదివింది. చదవాల్సిన మనిషికి అక్షరమే రాదు.

చివరికి, అమ్మ మనుషుల్ని మరిచిపోతోందని కబురొచ్చింది. నఫీసా నన్ను ఒళ్లో పెట్టుకుని విమానమెక్కింది. దారంతా ఒకటే గొణుగుడు, "ఒక్కసారి గుర్తుపట్టమ్మా, తర్వాత తిట్టు."

బతూల్ కళ్లు కూతురి మొహం మీదుగా గోడ మీదికి జారిపోయాయి. నఫీసా గబగబా టీ కాచింది. మొదటి గ్లాసే అమ్మ చేతికిచ్చేసింది. పారిస్‌లో ఒంటరిగా తాగి తాగి మరిచిపోయిందో, కంగారో!

బతూల్ గుటక వేసి మొహం చిట్లించింది. "ఎవరమ్మా నువ్వు, ఈ ఊరి పిల్లవి కాదా? మా నఫీసా అయితే దీన్ని తిరిగి కెటిల్లో పోసేది."

నఫీసా ఆ గ్లాసుని నాలోకి ఒంపింది. టీతోపాటు ఇంకేదో ఉప్పగా పడింది. కాసేపాగి మళ్లీ పోసింది.

"ఆఁ, ఇప్పుడు కుదిరింది," అంది బతూల్, ఆమె చెయ్యి నిమురుతూ. "మా అమ్మాయి మీద కోపం ఎప్పుడో పోయిందిలే. అది వచ్చిన రోజు నువ్వే వచ్చి ఇలా పెట్టి ఇవ్వమ్మా."

ఆ చలికాలమే బతూల్ పోయింది.

నేనిప్పుడు పారిస్‌లో ఒక రచయితల మ్యూజియం అద్దాల పెట్టెలో ఉన్నాను. పక్కనే నఫీసా ఆఖరి నవల. అందులో తల్లి కూతుర్ని గుర్తుపట్టి కావలించుకుంటుంది. ఆ పేజీ దగ్గర అందరూ కళ్లు తుడుచుకుంటారు. నేను మాత్రం మూత బిగించుకుని కూర్చుంటాను.