ఐదు డెబ్బై మూళ్ళు

వాజిదాకు రేడియో భాష రాదు. ఆమె అన్న లతీఫ్‌కు రేడియో భాష తప్ప మనుషుల భాష సరిగా రాదు. ఈ గొడవంతా అక్కడే పుట్టింది.

నిజామాబాద్‌లో ధాన్యం అమ్మే బజారు, గంజి, దాని వెనక సందులో లతీఫ్‌కు రేడియోలు బాగుచేసే దుకాణం ఉంది. దుకాణం తెరవక ముందు, పొద్దున పూట, ఇంట్లో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని తంతి కొట్టినట్టు టకటకమని మీట నొక్కుతూ మద్రాసుతో, బొంబాయితో, కలకత్తాతో మాట్లాడుతుంటాడు. అదేమీ దొంగపని కాదు. సర్కారు పెట్టే పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కి తెచ్చుకున్న లైసెన్సు ఉంది. దాన్ని అద్దం కట్టించి గోడకు తగిలించాడు. ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళు దేశమంతా ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూడకుండానే చుట్టాలకన్నా ఎక్కువైపోతారు. మొన్నటి పాకిస్తాన్ యుద్ధంలో ఓర్వలేనివాడెవడో చెప్పగా పోలీసులొచ్చి, "ఎవలతోని మాట్లాడుతున్నవ్?" అని గద్దించారు. లతీఫ్‌కు నోరు పెగల్లేదు. వేలు మాత్రం గోడవైపు చూపించాడు. వాళ్ళు లైసెన్సు చదివి, చాయ్ తాగి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి ఆ కాగితం విలువేమిటో ఇంట్లో అందరికీ తెలుసు.

వాజిదా ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరు. ఆ ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక యంత్రం చేయించాలని పట్టుపట్టింది. ఎక్కడో దూరాన మెరుపు మెరిస్తే ఇక్కడ రేడియోలో చిటపటమంటుంది కదా. ఆ చిటపటకు ఒక గంట మోగేలా చేస్తే, వాన వచ్చేలోపు ఎండబోసిన పసుపు మీద ఏదైనా కప్పుకోవచ్చు. ఈ ఆలోచన నిజానికి గంగామణిది. ఆ పిల్లది మోర్తాడ్ ఊరు, ఇక్కడ మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటోంది. పోయినేడాది వాళ్ళ పసుపు వానకు తడిసి సగం పాడైంది. యంత్రానికి పిల్లలు 'వాన గంట' అని పేరు కూడా పెట్టేశారు. పేరైతే ఊరికే వచ్చింది, సామానుకే డబ్బు లేదు.

"నీ రేడియో దోస్తులను అడుగు భాయ్," అంది వాజిదా.

లతీఫ్ ఉలిక్కిపడ్డాడు. "గాలిల పైసల ముచ్చట తియ్యొద్దు. లైసెన్సు గుంజుకుంటరు. పిల్లలు గిట్ల ఒకటి చేస్తున్నరని చెప్త, గంతే."

చెప్పాడు. వాజిదా పక్కనే నిలబడింది. అవతలివాళ్ళు కొట్టేది ఆమెకు తెలియదు కనుక అతనే వింటూ మధ్యమధ్య పైకి అన్నాడు. "మద్రాసాయనకు మస్తు సంతోషమైంది. డెబ్బై మూడు అన్నడు." మర్నాడు బొంబాయి ఆయనదీ డెబ్బై మూడే. బెంగుళూరు, కలకత్తా, సికింద్రాబాద్‌లో ఉండే లింగం గారు, అందరూ డెబ్బై మూడే అన్నారు.

డబ్బు మాట ఎత్తకూడదు కనుక పెద్దమనుషులు వట్టి అంకె చెబుతున్నారని వాజిదాకు తట్టింది. ఎంత తెలివి అనుకుని మురిసిపోయింది. అందరూ ఒకే మొత్తం ఎందుకన్నారన్న అనుమానం కూడా రాలేదు. గంజిలో గణపతికైనా, పీర్లకైనా చందా అంటే తలా ఒకే తీరుగా వేసుకుంటారు మరి. ఐదు డెబ్బై మూళ్ళు మూడు వందల అరవై ఐదు. ఏడాదికి ఎన్ని రోజులో అన్ని రూపాయలు! అన్నను ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ ఇక్కడే ముగిసేది. కానీ అడిగితే బెదిరిపోయి మొత్తానికే వద్దంటాడని నోరు మూసుకుంది.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయి. హెడ్మిస్ట్రెస్ ప్రమీలమ్మ పూచీ మీద బజారులో దుకాణం ఉన్న రాజనర్సు సామాను ఉద్దెర ఇచ్చాడు. పిల్లలు వేళ్ళు కాల్చుకుంటూ టంకాలు పెట్టారు. లతీఫ్ బోధన్ వెళ్ళాడు, అక్కడ షుగర్ ఫ్యాక్టరీ కాలనీ క్లబ్బులో మైకుసెట్టు బాగుచేసే పని ఉంది. అతను లేనప్పుడు వాజిదా, దోస్తులు అప్పుడప్పుడు పంపగా గోడకు గుచ్చి ఉన్న కార్డుల మీద నుంచి చిరునామాలు ఎక్కించుకుని, పిల్లల చేత ఐదు పోస్టుకార్డులు రాయించింది. మర్యాద తెలిసిన మనిషి కదా! రేడియోలో మీరు ఇస్తామన్న డెబ్బై మూడు రూపాయలకు కృతజ్ఞతలు అని బోర్డు మీద ఇంగ్లీషులో రాసిపెడితే పిల్లలు నాలుగు కార్డులు చూసి రాశారు. లింగం గారికి తెలుగు వచ్చు కనుక ఆయన కార్డు మాత్రం గంగామణి తన సొంత మాటల్లో రాసుకుంది. వాజిదా అందులో రెండు అక్షరదోషాలు దిద్ది డబ్బాలో వేయించింది.

డబ్బు రాలేదు. రాజనర్సు మాత్రం బడిదాకా వచ్చాడు. "టీచరమ్మా, సామానన్న వాపస్ ఇయ్యి, పైసలన్న ఇయ్యి," అన్నాడు. టంకం పెట్టిన సామాను ఎవరు వాపసు తీసుకుంటారు? ప్రమీలమ్మ కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది. అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేదని వాజిదాకు అనిపించింది.

ఆదివారం బోధన్ బస్సెక్కింది. దారి పొడుగునా చెరుకు బండ్లే. బస్సు వాటి వెనకాల ఆగి ఆగి నడుస్తుంటే, వచ్చిన మనియార్డర్లు పోస్టాఫీసులోనే ఆగిపోయాయేమో, అన్న పేరు మీద వచ్చాయేమో అని ఆమె తనకు తానే ధైర్యం చెప్పుకుంది. క్లబ్బులో లతీఫ్ విప్పిన మైకుసెట్టు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"భాయ్, నీ దోస్తులు ఇస్తమన్న పైసలు ఇంక రాలే."

"ఏం పైసలు?"

"గదే, తలా డెబ్బై మూడు."

లతీఫ్ ఒక్క నిమిషం చెల్లెలి మొహం చూసి, పడీపడీ నవ్వాడు. "అరే పాగల్! డెబ్బై మూడంటే సలాం. మాట ముగిచ్చేటప్పుడు దునియాల ఎవలైనా గదే కొడ్తరు. మంచిగుండు, ఉంట మరి, అన్నట్టు."

వాజిదా నవ్వలేదు. "నేను కార్డులు రాయించిన భాయ్," అంది నీరసంగా.

"ఏమని?"

చెప్పింది. లతీఫ్ నవ్వు మాయమైంది. చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. "రేడియోల పైసలు ఇస్తమన్నరని రాసినవా? పోస్టుకార్డు మీద? గది తొవ్వల ఎవడన్న చదువుతడు వాజిదా. గాలిల చందాలు వసూలు చేసిన అని నేనే రాసిచ్చినట్టయింది. నా ఒక్కనిదే కాదు, ఆ ఐదుగురి లైసెన్సులు గూడ పోతయి." తిరిగి స్క్రూడ్రైవర్ అందుకుని, బిగించిన మరనే మళ్ళీ విప్పసాగాడు.

ఇంటికి తిరిగొచ్చాక లతీఫ్ మీట ముట్టుకోలేదు. పొద్దున్నే టకటకలు వినీ వినీ విసుక్కున్న వాజిదాకు ఇప్పుడు ఆ నిశ్శబ్దం భరించరానిదైంది. సందులో ఖాకీ బట్టలు కనబడితే చాలు, లేచి కిటికీ మూసేసేది. అది పోస్టుమ్యానే కావచ్చు, బస్సు కండక్టరే కావచ్చు. లైసెన్సు పోతే పోయేది ఒక సరదా కాదు. రేపు ఇంకో యుద్ధమొస్తే, ఇంకో ఓర్వలేనివాడు చెబితే, అన్న వేలెత్తి చూపడానికి గోడ మీద ఏముంటుంది? తప్పు తనదేనని ఢిల్లీలో రేడియో ఆఫీసుకు రాస్తానంది. "నువ్వు రాస్తే తెల్వనోళ్ళకు గూడ తెలుస్తది. సప్పుడు చేయకు," అన్నాడు లతీఫ్. ప్రమీలమ్మకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆవిడ విని, "జీతంలోంచి నెలకింత కట్టేయి. నేనూ ఒక చెయ్యి వేస్త," అంది. రాజనర్సు బాకీకి అలా ఒక దారి దొరికింది. లైసెన్సుకు ఏ దారీ కనిపించలేదు.

ఒక రోజు పొద్దున బడికి బయలుదేరుతుంటే తలుపు చప్పుడైంది. కోటు వేసుకుని, చేతిలో తోలు సంచితో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"రేడియో లైసెన్సు ఉన్న లతీఫ్ సాబ్ ఇల్లు గిదేనా?"

వాజిదా పక్కకు జరిగి దారి ఇచ్చింది. లోపలి నుంచి లతీఫ్ వచ్చాడు. మళ్ళీ నోరు పెగల్లేదు. మళ్ళీ వేలే గోడవైపు చూపించాడు. పెద్దాయన దగ్గరికి వెళ్ళి, లైసెన్సు పైనుంచి కిందిదాకా చదివాడు. అన్న ముఖం పాలిపోయింది. తన మూలంగానే ఇతని బతుకు ఇంత చిన్నబోయిందని వాజిదాకు ఏడుపొచ్చింది. అప్పుడు పెద్దాయన ఇటు తిరిగి, వేలి కణుపుతో తలుపు చెక్క మీద టకటకమని కొట్టాడు.

లతీఫ్ ముఖంలోకి నెత్తురు తిరిగొచ్చింది. మనిషిని ఎన్నడూ చూడలేదు గానీ, ఆ చెయ్యి కొట్టే తీరు అతనికి బాగా తెలుసు.

"లింగం సాబ్!" అంటూ వెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాడు.

లింగం రైల్వేలో తంతి కొట్టే తార్ బాబుగా చేసి రిటైరైన మనిషి. చాయ్ ముందు పెట్టినా తాగకుండా సంచిలోంచి ఐదు పోస్టుకార్డులు తీసి వాజిదా చేతికిచ్చాడు. "నాలుగు ఊర్ల నుంచి తెప్పిచ్చిన. మీ చేతితోనే చింపుండ్రి, టీచరమ్మా. గసొంటి మాట మల్ల ఎన్నడూ రాయించకుండ్రి. ఇగ సామాను బాకీ అంటరా, మీ ఇల్లు అడుగుతుంటే బజార్ల ఆ ముచ్చట తెలిసింది, రాజనర్సు దుకాణం మీదికెళ్ళే వచ్చిన. అయిపోయింది."

"మీరు ఇస్తమని అననే లేదు కదా," అంది వాజిదా.

"అనలే. ఆఖరు కార్డు చూడుండ్రి."

అది గంగామణి కార్డు. వాజిదా మళ్ళీ చదివింది. 'అయ్యా, పోయినేడు వాన కొట్టినప్పుడు కప్పుదామంటే ఏమీ లేకుండె. మా అవ్వ ఒంటి మీది చీర ఇప్పి పసుపు మీద కప్పింది. మంది చూసిండ్రు. మీ పైసలతోని గంట చేస్తే అవ్వకు గట్ల కాదు.' ఆ రోజు తను ఇదే చదివింది. చదివి, రెండు అక్షరాలు దిద్దింది. అంతకు మించి, ఆ పిల్ల తల్లి బాధ ఏమీ కనబడలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"ఈ ముచ్చట ఆ నలుగురికి రాయలే," అన్నాడు లింగం. "రాసే ముచ్చట కాదు. నా పాలు నేను కడుతున్న అని మాత్రం రాసిన. వాళ్ళు గూడ పంపిండ్రు."

వాజిదా నాలుగు కార్డులు చింపింది. ఐదోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. "అదొక్కటి ఉండనీ," అన్నాడు లతీఫ్, చెల్లెలి ముఖం చూసి. వాజిదా తల అడ్డంగా ఊపి, దాన్ని కూడా ముక్కలు ముక్కలుగా చింపి పొయ్యిలో వేసింది. అన్న లైసెన్సు కోసమే చింపింది. కానీ పిల్లకు ద్రోహం చేసినట్టే అనిపించింది.

వాన గంట చూస్తానని లింగం ఆమెతో బడికి వచ్చాడు. అదింకా పూర్తిగా మాట వినడం లేదు. పక్క సందులో బియ్యం మిల్లు మోటారు వేసినప్పుడల్లా మోగుతోంది. లింగం దాని ముందు వంగి, ఈ తీగ పొట్టిగా చేయండి, ఆ తీగ దూరంగా కట్టండి అని చెబుతుంటే పిల్లలు ఆయన మీద పడిపోతున్నారు. గంగామణి ఒక్కతే తలుపు చాటున నిలబడిపోయింది. తను కార్డు రాసిన సికింద్రాబాద్ లింగం గారు ఈయనేనని ఆ పిల్లకు తెలిసిపోయింది.

వాజిదా దగ్గరికి వెళ్ళింది. కార్డుకు జవాబేదని అడుగుతుందేమో, ఏం చెప్పాలా అనుకుంది.

"టీచర్," అంది గంగామణి గొంతు తగ్గించి, "గా కార్డు ఎవలెవలు సదివిండ్రు? రాసేటప్పుడు తెల్వలే. వేసినంక భయమైంది. ఇన్నొద్దులు నిద్ర పట్టలే. అవ్వకు తెలిస్తె పానం తీసుకుంటది."

వాజిదాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తెరిచి ఉన్న కార్డుకు భయపడి ఇన్నాళ్ళు చచ్చింది తనొక్కతే అనుకుంది ఇప్పటిదాకా.

"ఆయన, నేనే. మూడో మనిషి చేతికి పోలే. ఇయ్యాల పొద్దుగాల నా చేతితోనే చింపి పొయ్యిల ఏసిన బిడ్డా."

"ఒట్టు?"

"ఒట్టు."

గంగామణి ఊపిరి వదిలింది. లంగాకు చేతులు తుడుచుకుని, పిల్లలందరినీ తోసుకుంటూ గంట దగ్గరికి వెళ్ళింది.